స్కానులోని వెలుగు

పొగను జూచి నిప్పు గలదని యూహించుట మన తర్కమున తొలిపాఠము. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివినవారెల్ల దాని నెఱుగుదురు. పొగ యున్నచో నిప్పుండును. కాని నిప్పున్నచోటనెల్ల పొగ యుండునని దానిని తిరుగవేయరాదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పు గలదు, పొగ లేదు. ఈ చిన్నభేదమును మఱచుటచే చదువుకొన్న కుటుంబములలోనే యెంత దుఃఖము కలుగుచున్నదో మేము స్వయముగా జూచితిమి.

పెట్ స్కాను అను పరీక్షలో చక్కెరవంటి పదార్థమును రక్తములోని కెక్కింతురు. దాని కంటియున్న ఫ్లోరిన్ యొక్క రేడియోధార్మికత యించుమించు 110 నిమిషములలో సగమగును. చక్కెరను మిక్కిలిగా గ్రహించు కణములు చిత్రములో వెలుగును. క్యాన్సరు కణములలో పెక్కు తిండిపోతులు గావున వెలుగును. కాని తిండిపోతులు అవి మాత్రమే కావు. క్షయక్రిములతో పోరాడు రక్షకకణములును చక్కెరను మ్రింగును. చలివేసినప్పుడు దేహమును వేడిచేయు గోధుమవన్నె క్రొవ్వు మెడయొద్ద వెలుగును. కనుకనే పరీక్షకు ముందు రోగిని వెచ్చగా నుంచుదురు. 2021లో కోవిడ్ టీకా వేయించుకొన్న పలువురికి, సూది గ్రుచ్చిన వైపు చంకలోని గ్రంథులు ఉబ్బి స్కానులలో మెఱసెను. ఎముకలకు వేఱుగా తీయు స్కానులో, విఱిగి మానుచున్న ప్రక్కటెముకయు నట్లే మెఱయును. క్యాన్సరున్నచోట వెలుగు కలుగుట తఱచు. వెలుగున్నచోట క్యాన్సరే యున్నదనుట వేఱు.

మా బంధువులలో నొక యిల్లాలికి రొమ్ముక్యాన్సరునకు చికిత్స జరిగి రెండేండ్లయ్యెను. తరువాత తీసిన స్కానులో ఊపిరితిత్తుల నడుమనున్న లింఫుగ్రంథులు వెలిగినవి. ‘రోగము వ్యాపించియుండవచ్చును’ అని నివేదికలో వ్రాసిరి. ఉండవచ్చును అను మాట నా యింటిలో నెవ్వరును చదువలేదు. కుమారుడు కాగితమును బీరువాలో దాచెను. మఱిది, ఇక తీర్థయాత్రకు దీసికొనిపోయిన చాలుననెను. గ్రంథిముక్కను సూదితో దీసి పరీక్షింపవలెనని వైద్యుడు చెప్పగా, సూది తగిలిన క్యాన్సరు దేహమెల్ల ప్రాకునని వారు నిరాకరించిరి. అట్లు ప్రాకుట మిక్కిలి యరుదని వైద్యు లెంత చెప్పినను ఈ భయము పట్టభద్రులను సైతము వదలకున్నది. స్త్రీ దేహమును గూర్చి పురుషులు గుమిగూడి తీర్మానించు నాచారము రోగశయ్యవఱకును వచ్చినదన్నమాట!

ఆమెకు సంగతి చెప్పినది కోడలు. ఆమె యేడ్వలేదు. కుమారుని బిలిచి, “నా యొంటిని గూర్చిన కాగితము నాకు చూపక బీరువాకు చూపితివా, నాయనా? సూది గ్రుచ్చునది నాకు గదా! గ్రుచ్చనిమ్ము” అనెను.

నోటిగుండ శ్వాసనాళములోనికి గొట్టమును దింపి, ధ్వనితరంగములతో గ్రంథిని గుర్తించి, నమూనా తీసిరి. క్యాన్సరు లేదు, క్షయ కనబడినది. ప్రపంచమందలి క్షయరోగులలో నించుమించు నాలుగవవంతు మన దేశముననే యున్నారు గదా, ఆ సందేహ మింటిలో నొక్కరికైన రాలేదు! ఆమె యాఱునెలలు మందులు మ్రింగి కోలుకొనినది.

దీనిని చదివి, వెలుగెల్ల నిరపాయమేయని యెవరైన నూఱడిల్లి కూర్చుందురేమో. అదియు నా తర్కదోషమే, తలక్రిందులుగా. క్యాన్సరు వచ్చిపోయినవారిలో నట్టి వెలుగు క్యాన్సరే యగుటయు కలదు, ఆలస్యము ప్రాణాంతకము. అట్లని ప్రతి మచ్చకును సూది యక్కఱలేదు. కాలేయములోని రక్తనాళపు గడ్డను, ఎముకలో గట్టిపడిన చిన్న దీవిని, అనుభవజ్ఞుడైన వైద్యుడు రూపమునుబట్టియు, పాతచిత్రములతో పోల్చియు తఱచుగా గుర్తింపగలడు. కావున పాతచిత్రములను పాఱవేయరాదు. టీకా యే తేదీన ఏ చేతికి వేసిరి, జాఱిపడిన దెప్పుడు, ఇంటిలో నెవరికైన క్షయ యుండెనా యనునవి వైద్యు డడుగకున్నను చెప్పవలెను.

ఆ యిల్లా లిప్పుడు తన చిత్రములను, నివేదికలను తన పెట్టెలోనే యుంచుకొని, తాళపుచెవిని కొంగున ముడివేసికొనినది.