పంపని ఉత్తరము

కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి బస్సులో పోవునపుడు బాట కిరువైపుల బోరుబావులక్రింద సాగగు వరిమళ్లు కన్పట్టును. అట్టి బోరొకటి మా పెద్దనాయనది. 2024వ సంవత్సరపు వేసవిలో నేనింటికి పోయినపుడు ఆయన నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "బిడ్డా, సర్కారువారు మనలనేదో అడుగుచున్నారట, ఏమది?" అనెను. ఆయనకు చదువు రాదు. హోటలులో నెవరో పత్రిక చదువగా విని వచ్చెను.

సంగతి యిది. భద్రాద్రి, యాదాద్రి బొగ్గు విద్యుత్కేంద్రముల నిర్మాణమును, ఛత్తీసుగఢ్ కరెంటు కొనుగోలును విచారింప ఆ మార్చినెలలో రాష్ట్రప్రభుత్వము జస్టిస్ ఎల్. నరసింహారెడ్డిగారి కమిషనును నియమించెను. ఎఱిగినవారెల్లరు తమ యెఱిగినది తెలుపవచ్చునని కమిషనువారు ప్రజలను కోరిరి. భద్రాద్రి 1080 మెగావాట్లది, యాదాద్రి 4000 మెగావాట్లది. టెండర్లు పిలువక పని యొప్పగించుట యేల? బొగ్గుగనులకు దూరమైన దామరచర్లలో కేంద్రమేల? ఇవి విచారణలోని ప్రశ్నలు. ఇట్టి కేంద్రములు చాలవరకు అప్పుతో కట్టబడును. ఆ వడ్డీ యూనిటు ధరలో చేరును. "మన బోరుకు కరెంటు ఉచితమే గదా" అంటిని. పెద్దనాయన నవ్వి, "మనము కట్టకున్న నింకెవడో కట్టుచున్నాడు గదా" అనెను.

తరువాత ఆయన చెప్పగా నేను వ్రాసితిని. "మునుపు నడిరాత్రి పాములనడుమ మోటారు వేయబోయితిమని వ్రాయి. 2018 నుండి పగలును కరెంటు వచ్చినదనియు వ్రాయి, అబద్ధమాడరాదు. అప్పు చేయునపుడు మాత్రము మాకొక మాట చెప్పవలసినదని వ్రాయి." క్రింద వ్రేలిముద్ర వేసెను. "వ్రాసినవాని పేరును ఉండవలె" ననగా నా పేరును వ్రాసితిని.

ఆ పేరే నన్ను పట్టుకొన్నది. ఉద్యోగము చేయువాడను, ఎవరు చూతురో, ఏమందురో! నన్నెవరును బెదరింపలేదు సుమండీ. విచిత్రమేమనగా, ఆ యేడే నేను తరగతిలో అఘోరనాథ చట్టోపాధ్యాయులవారి కథ చెప్పియుంటిని. సరోజినీనాయుడుగారి తండ్రియైన ఆయన హైదరాబాదు కళాశాలకు ప్రథమాధ్యక్షులు. 1883లో చాందా రైలుమార్గపు ఏర్పాటు వచ్చినపుడు, ఆ కాగితములు ప్రజలకు చూపవలెననియు, ఆలోచించుటకు వ్యవధి నీయవలెననియు అడిగినవారిలో ఆయన ముఖ్యులు. అందులకు ఆయనను రాజ్యమునుండి వెడలగొట్టిరి. పిల్లలు కన్నులు విప్పి వినిరి. నేను మిక్కిలి గంభీరముగా చెప్పితిని.

ఉత్తరము నా భూగోళశాస్త్ర పుస్తకములో నుండిపోయెను. కామారెడ్డి తపాలా కార్యాలయము ముందునుండి రెండుసార్లు నడిచితిని. గడువు ముగిసెను. విద్యుద్విషయము లెఱిగినవారు కొందఱు స్వయముగా పోయి చెప్పివచ్చిరి. జూలైలో వ్యవహారము సుప్రీముకోర్టుకు పోగా నరసింహారెడ్డిగారు తప్పుకొనిరి. జస్టిస్ మదన్ లోకూర్‌గారు వచ్చి, ఆ సంవత్సరముననే నివేదిక యిచ్చిరి. అందు మా పెద్దనాయన మాట లేదు.

"జవాబు వచ్చినదా బిడ్డా?" అని ఆయన పండుగ పండుగకు అడుగుచునే యున్నాడు. "వారికి పని యెక్కువ" అనుచున్నాను. ఈ సంచిక వెలువడినపుడు నా పేరు అచ్చులో నున్నదని ఎవరైన ఆయనతో చెప్పక మానరు. చదివి వినిపింపుమని ఆయన నన్నే అడుగును.