ఎవరి పాట వారిది

మా నాయనమ్మకు ఎనభై అయిదేళ్లు. మూడేళ్లుగా మతి తప్పుతున్నది. వొకనాడు నన్ను తన తమ్ముడనుకుంటుంది. మరునాడు ఆసామిగారి గుమాస్తాననుకొని కూలి లెక్క తేల్చమంటుంది.

2006లో డాన్ కోహెన్ అనే అమెరికన్ న్యూయార్క్ రాష్ట్రంలోని వొక వృద్ధాశ్రమంలో, ఎవరి వయసునాటి పాటలు వారికి ఐపాడ్‌లో కూర్చి వినిపించటం మొదలుపెట్టాడు. మాటాపలుకూ లేనివారు కొందరు నోరు విప్పారట. పదికీ ముప్పైకీ నడుమ గడిచిన రోజులు గట్టిగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులూ చెబుతారు. నేనూ సెల్‌ఫోనూ ఇయర్‌ఫోన్లూ సిద్ధం చేశాను.

ముసలివారికి భక్తిగాక మరేమిటని అన్నమయ్య కీర్తనలు పెట్టాను. మొహం తిప్పుకున్నది. 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’ లోని కొసరాజు పాట పెట్టాను. అభ్యుదయ చిత్రం, రైతుపాట! ఇయర్‌ఫోన్లు పీకి నా చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం పక్కింటి కూలిమనిషి మా అరుగుమీద బియ్యం చెరుగుతూ ఊడ్పుల పాట కూనిరాగం తీసింది. మంచంమీద నుంచి నాయనమ్మ అన్నది: “అట్లా కాదే! అక్కడ దీర్ఘం తియ్యాలి. వంగిన మనిషికి వూపిరి తిరగొద్దూ?”

తానే పాట ఎత్తింది. ఆరేడు చరణాలు. పక్కింటామె వంత పలికింది. నాయనమ్మ కుడిచెయ్యి దుప్పటిమీద నారు నాటుతూనే వున్నది. ఆమె నోట అంత వరస మాట విని యేడాది దాటింది.

నాకు సిగ్గు వేసింది. బిరుదురాజు రామరాజుగారు 1958లో ప్రచురించిన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ చదివి యేటేటా పాఠం చెబుతాను. శ్రామిక గేయాల లక్షణాలు రాయిస్తాను. పాట ఎత్తి ముఠాను నడిపిన మనిషి, ఆ కూలితో మా నాన్నను చదివించిన మనిషి, యింట్లోనే వుంటే “నీ పాటేది?” అని వొక్కనాడూ అడగలేదు. ఆమెకు యేది యిష్టమో నేనే నిర్ణయించాను. భక్తి పేర చేసినా అభ్యుదయం పేర చేసినా అది పెత్తనమే.

ఆ రాత్రి పేచీ లేకుండా అన్నం తిని నిద్రపోయింది. తెల్లవారి మళ్లీ కూలి లెక్క అడిగింది. పాట మందు కాదు. కాని మనిషికి వొక పూట తన్ను తాను తిరిగి యిచ్చింది; అది తక్కువ కాదు.

సొంత పాట అంటే వొంటరిగా చెవిలో పోసుకునేదే కానక్కరలేదు. మా నాయనమ్మ సొంత పాట పదిమంది నడుములు వంచి పాడినది. వంత పలికే గొంతు వుంటేనే అది లేచి నిలబడింది.

యీ సెలవులకు నా విద్యార్థులను గేయాలు సేకరించుకు రమ్మనలేదు. యింట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చొని, వాళ్ల పాటేదో అడిగి, వంత పాడి రమ్మన్నాను.