నీలి కుర్రాడు చేతులు మారిన కథ

లాస్ ఏంజెలెస్ దగ్గరి శాన్ మరీనోలో హంటింగ్టన్ మ్యూజియం తోటలు చూడడానికే ఒక పూట చాలదు. నేను మాత్రం నేరుగా హెన్రీ, ఆరబెల్లా హంటింగ్టన్ దంపతులు కాపురమున్న పాత భవనంలోకి వెళ్ళాను. థామస్ గెయిన్స్‌బరో గీసిన ‘బ్లూ బాయ్’ ఉన్నది అక్కడే.

హాలు గోడల నిండా ఇంగ్లండు దొరలూ దొరసానులూ. వాళ్ళందరి మధ్యా కళ్ళు ముందు ఇతని మీదే పడతాయి. దాదాపు ఆరడుగుల చిత్రం. నీలి పట్టు దుస్తులు, ఒక చేయి నడుం మీద, మరో చేతిలో టోపీ. దగ్గరికెళ్తే ఆ నీలంలోనే ఎన్నో రంగుల గీతలు కనిపిస్తాయి.

1770లో లండన్ రాయల్ అకాడమీలో ప్రదర్శించిన ఈ చిత్రానికి తొలి యజమాని జోనాథన్ బటాల్. ఇనుప సామాన్ల వ్యాపారి కొడుకు. చిత్రంలో ఉన్నది అతనేనని చాలాకాలం నమ్మారు. చిత్రకారుడి మేనల్లుడు కావచ్చని ఇప్పుడు కొందరంటున్నారు. 1796లో బటాల్ దివాలా తీయడంతో చిత్రం అమ్ముడుపోయింది. పార్లమెంటు సభ్యుడు జాన్ నెస్బిట్, ఆ తర్వాత చిత్రకారుడు జాన్ హాప్నర్, 1809 ప్రాంతంలో గ్రోవనర్ ప్రభు కుటుంబం దీన్ని దక్కించుకున్నారు. ఆ కుటుంబం దగ్గర ఉన్న కాలంలోనే కాన్వాసు పదకొండు అంగుళాలకు పైగా చిరిగి ఉంటుందని సంరక్షణ నిపుణుల అంచనా. ఎక్స్‌రే తీస్తే, గెయిన్స్‌బరో ముందు గీసి తర్వాత రంగుతో కప్పేసిన తెల్ల కుక్క కూడా బయటపడింది.

1921లో ఆ గ్రోవనర్ కుటుంబానికే చెందిన వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ దీన్ని అమ్మేశాడు. వ్యాపారి జోసెఫ్ డువీన్ ద్వారా రైలుమార్గాల అధిపతి హంటింగ్టన్ 7,28,000 డాలర్లకు కొన్నాడు. సముద్రం దాటే ముందు, 1922 జనవరిలో, లండన్ నేషనల్ గ్యాలరీలో కడసారి చూపుకు 90 వేల మంది వచ్చారు. మళ్ళీ కలుద్దామని గ్యాలరీ డైరెక్టర్ చార్లెస్ హోమ్స్ చిత్రం వెనుక రాశారు. సరిగ్గా నూరేళ్ళకు, 2022 జనవరి 25న, అదే గ్యాలరీలో దీన్ని మళ్ళీ ప్రదర్శించారు. అది అరువుగా మాత్రమే. మే నెల వరకే.

ఇంగ్లండు పోగొట్టుకున్నదేమిటో ఆ 90 వేల మందికి తెలుసు. ఆ బాధ న్యాయమైనదే. అయినా హంటింగ్టన్ తాను కొన్నదాన్ని వారసులకు పంచలేదు, సంస్థకు రాసిచ్చాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1928లో, ఈ భవనం తలుపులు జనానికి తెరుచుకున్నాయి. ఈ చిత్రాన్ని సొంతం చేసుకున్నవాళ్ళలో నేను ఎక్కువగా గౌరవించేది అందుకే ఆయన్ని.

మీరు ఏ మ్యూజియానికి వెళ్ళినా, చిత్రం గీసినవారి పేరుతో ఆగకండి. అది ఎవరెవరి చేతుల మీదుగా అక్కడికొచ్చిందో కూడా అడిగి తెలుసుకోండి.