మెట్టు మెట్టుకీ ఓ లెక్క!

ఇల్లు కట్టుకునేటప్పుడు మనవాళ్ల వరస ఓసారి గమనించండి. సింహద్వారం ఎటు, వంటిల్లు ఏ మూల, దేవుడి గది ఎక్కడ... గంటలు గంటలు చర్చలు. తలుపులకు టేకా, వేపా? కింద టైల్సా, గ్రానైటా? అన్నిటికీ లెక్కే. డాబా మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఆ... పక్క సందులో ఎక్కడో వేయొచ్చులే' అనేస్తారు. మిగిలిన ఇసుక, మిగిలిన సిమెంటు, మిగిలిన సలాకలు, మిగిలిన జాగా... అన్నీ కలిపితే మెట్లు!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... నా చుట్టరికాలన్నీ ఈ మూడు ఊళ్ల మధ్యే. 2016 అక్టోబరులో మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ ఊళ్లలో ఏ కొత్త వీధిలోకి వెళ్లినా ముందు కనిపించేది ఇంటి బయటి మెట్లే. కొన్నింటికి రెయిలింగ్ ఉండదు. కొన్ని నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. కొన్నయితే మలుపు దగ్గర సమోసా ముక్కల్లా మూలకు కోసుకుపోయి, సగం పాదానికి కూడా చోటివ్వవు.

మా తాతల కాలంలో మిద్దెలుండేవి. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రాతిబండలే మెట్లు. కొన్ని ఇళ్లలో అవీ లేవు, నిచ్చెనే. అయినా సాగిపోయింది. ఎందుకంటే మిద్దె పైకి వెళ్లే పని ఎప్పుడో కానీ ఉండేది కాదు. వానాకాలానికి ముందు మట్టి సరిచేయడానికి, మిరపకాయలు ఎండబెట్టడానికి... అంతే. ఇప్పుడలా కాదు. నీళ్ల ట్యాంకు పైనే, బట్టలారేసే తీగ పైనే, కిరాయికిచ్చిన గది పైనే, ఎండాకాలం పడక పైనే. రోజుకు పదిసార్లు ఎక్కిదిగాలి. వాడకం మారింది. మెట్ల మీద మన చిన్నచూపు మాత్రం మారలేదు.

చివరి మెట్టు చేసిన పని

గద్వాలలో మా మేనత్త ఇల్లు. వాకిలి ఎత్తుగా ఉండటంతో వాన నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయని ఓ ఎండాకాలం వాకిలిని తవ్వించి, మూడంగుళాలు కిందికి దించి బండలు పరిపించారు. నీళ్ల బాధ తీరింది. మెట్ల సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఓ సాయంత్రం అత్త ఎండిన వడియాల చేట పట్టుకుని కిందికి దిగుతోంది. రెండు చేతుల్లోనూ చేట. కాళ్లు కనిపించవు. పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. చివరి మెట్టు మీంచి నేల మీద కాలు పెట్టబోయింది... నేల అందలేదు. ముందుకు తూలి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక నడుస్తోంది కానీ వాకర్ పట్టుకునే. డాబా మీదికి మళ్లీ వెళ్లలేదు.

చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. 'కళ్లు తిరిగినయా?' 'షుగర్ ఉందా?' 'చెప్పులు జారినయా?' ఎవరూ మెట్టును అనుమానించలేదు. నేను టేపు తెచ్చి కొలిచాను. పై మెట్లన్నీ ఏడున్నర అంగుళాలు. చివరిది పదిన్నర!

మెట్లు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మనం ప్రతి మెట్టునూ చూడం. మొదటి రెండు మూడు మెట్లకే ఆ ఎత్తు ఎంతో కాలికి తెలిసిపోతుంది. ఇక మిగతావన్నీ అలాగే ఉంటాయన్న నమ్మకంతో నడిచేస్తాం. ఆ నమ్మకాన్ని ఒక్క మెట్టు వమ్ము చేసినా చాలు. ఎక్కేటప్పుడైతే బొటనవేలు తగిలి ముందు మెట్ల మీద చేతులానిస్తాం. దిగేటప్పుడు ఆసరా ఉండదు, పడితే కిందికే. అత్త విషయంలో కాలిది తప్పు కాదు, కళ్లదీ కాదు. తప్పంతా ఆ మూడంగుళాలది.

పదిహేనా, పదిహేడా?

ఆ మరుసటి ఏడాది వనపర్తిలో మా ఇంటికి బయటి మెట్లు వేయించాల్సి వచ్చింది. మేస్త్రీది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. పదమూడేళ్లు పుణెలో అపార్ట్‌మెంట్ల పనిచేసి తిరిగొచ్చాడు. వస్తూనే గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, ''పదిహేను మెట్లు సారూ. బేసి లెక్క. పదిన్నర అడుగుల జాగల పని అయిపోతది'' అన్నాడు. బేసి అనగానే అమ్మ మొహం వెలిగింది. అయిదడుగుల జాగా మిగులుతుంది, బైకు పెట్టుకోవచ్చని నాన్న సంతోషం.

నాకు మాత్రం గద్వాల వాకిలి గుర్తొచ్చింది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959లో మొదలైన పాలిటెక్నిక్‌లో సివిల్ చదివిన స్నేహితుడొకడున్నాడు. ఫోన్ చేస్తే సాయంత్రానికి వచ్చాడు. కాగితం తీసి లెక్క వేశాడు.

కింద వాకిలి నుంచి పైన డాబా దాకా ఎత్తు పదడుగుల ఆరంగుళాలు. అంటే 126 అంగుళాలు. పదిహేనుతో భాగిస్తే ఒక్కో మెట్టు 8.4 అంగుళాలు, అంటే 213 మిల్లీమీటర్లు. భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో తెచ్చిన నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు. అడుగుపెట్టే వెడల్పు 250 మిల్లీమీటర్లకు... సుమారు పదంగుళాలకు తగ్గకూడదు. మేస్త్రీ లెక్కలో అది తొమ్మిదే. ఒకే వరసలో మెట్లు మరీ ఎక్కువైతే మధ్యలో నిలబడే చోటు ఉండాలి.

''అయితే పదిహేడు వేద్దాం'' అన్నాడు స్నేహితుడు. 126ను పదిహేడుతో భాగిస్తే 7.4 అంగుళాలు. 188 మిల్లీమీటర్లు. కోడ్‌కు లోబడే ఉంది. పైగా బేసి! డాబా మీదికి వేసే చివరి అడుగుతో కలిపి పదిహేడుసార్లు కాలెత్తాలని చెబితే అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుని మరీ ఒప్పుకుంది. శాస్త్రానికీ కోడ్‌కూ తగువేం లేదన్నమాట. తగువల్లా జాగాతోనే. తొమ్మిది మెట్లు ఎక్కాక మూడడుగుల నాలుగంగుళాల ల్యాండింగ్, ఆపైన ఎనిమిది. మొత్తం పదిహేనడుగుల పదంగుళాల పొడవు. నాన్న బైకు వీధిలోకి వెళ్లింది!

సుఖమైన మెట్టుకు ఓ పాత సూత్రం కూడా ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాంస్వా బ్లాండెల్ పదిహేడో శతాబ్దంలో చెప్పిన లెక్క. రెండు మెట్ల ఎత్తుకు ఒక మెట్టు వెడల్పు కలిపితే అది మనిషి వేసే అంగకు సమానం కావాలి. ఇప్పటి కొలతల్లో సుమారు 60 నుంచి 64 సెంటీమీటర్లు. మా మెట్లకు వేసి చూస్తే 63. సరిగ్గా సరిపోయింది.

అక్కడ కొలిచారు... ఇక్కడ?

ఇదంతా విని మేస్త్రీ చిన్నబుచ్చుకుంటాడేమోనని భయపడ్డాను. అతను నవ్వేశాడు. ''ఇవన్నీ నాకు ఎరుకే సారూ. పుణెల మెట్టు మెట్టుకు టేపు పెట్టి చూస్తుండె ఇంజనీరు. జర తేడా వస్తే పగలగొట్టిస్తుండె. ఈడ ఎవరడుగుతరు? తక్కువ జాగల, తక్కువ పైసలల్ల చేయమంటరు. చేసి ఇస్తం'' అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ప్రాజెక్టుల కాల్వలు తవ్వింది పాలమూరు కూలీలు. ముంబై, పుణెల్లో అంతస్తులు లేపింది వాళ్లు. కొలత తప్పకుండా కట్టడం వాళ్ల చేతులకు తెలుసు. ఊరి బయట కట్టినన్నాళ్లూ ఆ విద్యకు విలువుంది. సొంతూళ్లో సొంతవాళ్ల ఇంటికి కట్టేటప్పుడే ఎవరూ అడగట్లేదు!

డాలస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు ఇంటి వెనక చెక్కతో డెక్ కట్టించుకున్నాడు. దానికి మెట్లు నాలుగంటే నాలుగే. వాటికీ తనిఖీ! వచ్చినాయన టేపు తీసి, ఒక మెట్టు అరంగుళం ఎక్కువుందని మళ్లీ చేయించాడట. అక్కడ ఇళ్లకు వాడే కోడ్‌లో ఒక వరసలోని మెట్ల మధ్య తేడా తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు మించకూడదని ఉంది. మనదగ్గర 75 చదరపు గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాకా కట్టుకునే ఇంటికి అనుమతి అక్కర్లేదు, నమోదు చేసుకుంటే చాలని 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది. పేదవాడికి ఆఫీసుల చుట్టూ తిరుగుడు తప్పింది, మంచిదే. కానీ చిన్న ఇంట్లోనే కదా మెట్లు ఇరుకయ్యేది? అడిగేవాళ్లు లేనిచోట అడగాల్సింది ఇంటివాళ్లే.

కనిపించని జాగ్రత్తలు

పని మొదలయ్యాక తెలిసిన సంగతులు కొన్ని చెబుతాను. మొదటిది, ఎత్తు కొలిచేటప్పుడు ఇవాళ్టి నేలను చూడకూడదు. రేపు వాకిట్లో పరిచే బండలు, డాబా మీద వేసే పూత, మెట్ల మీద వచ్చే రాయి... అన్నీ పూర్తయ్యాక ఉండే మట్టాలను కొలవాలి. కాంక్రీటు మెట్లన్నీ సమానంగా పోసినా, చివర్లో బండలు వేశాక మొదటిదో ఆఖరిదో తేడా రావడం ఇందువల్లే. మేస్త్రీ నీళ్ల పైపుతో మట్టం చూసి, పక్క గోడ మీద పదిహేడు గీతలు గీశాకే సెంట్రింగ్ మొదలుపెట్టాడు.

రెండోది సలాకల సంగతి. కిందినుంచి మెట్ల వరస వచ్చి ల్యాండింగ్‌ను కలిసేచోట, అడుగున ఉండే సలాకను మూల వెంబడి వంచేస్తుంటారు. బరువు పడినప్పుడు ఆ వంపు తిన్నగా కావాలని చూస్తుంది, కింది కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. మెట్ల సలాక తిన్నగా ల్యాండింగ్ పైభాగంలోకి పోవాలి. ల్యాండింగ్ సలాక తిన్నగా మెట్ల పైభాగంలోకి రావాలి. రెండూ కత్తెరలా దాటుకోవాలి. వానలో తడిసే మెట్లు కాబట్టి సలాక మీద కాంక్రీటు 30 మిల్లీమీటర్లయినా ఉండాలి. లేదంటే తుప్పే.

మూడోది నున్నటి రాయి. మాకు నాపరాయి చవక, అందం. తడిస్తే మాత్రం జారుడుబల్ల! నున్నగా మెరిసేది కాకుండా గరుకుగా ఉన్నదే తీసుకుని, అంచున రెండు గాళ్లు కొట్టించాం. నీళ్లు నిలవకుండా ప్రతి మెట్టుకూ బయటివైపు కాస్తంత వాలు ఇచ్చాం.

ఇక రెయిలింగ్. ఎత్తు మీటరు. చువ్వల మధ్య సందు నాలుగంగుళాల లోపే, చిన్నపిల్లల తల దూరకుండా. చెయ్యి చుట్టూ బిగించి పట్టుకోవడానికి వీలుగా గుండ్రటి గొట్టం. స్టీలుదైతే మన ఎండకు ముట్టుకుంటే చుర్రుమంటుంది. కాలే రెయిలింగ్‌ను ఎవరూ పట్టుకోరు. పట్టుకోని రెయిలింగ్ ఉన్నా లేనట్టే. అందుకే దానిమీద చేయి ఆనేచోట చెక్క బిగించాం. పైన ఒక బల్బు, దానికి కిందొకటి, పైనొకటి స్విచ్చులు.

అన్నీ కలిపితే ఖర్చు పెరగలేదా? పెరిగింది. కానీ అత్త ఆపరేషన్ ఖర్చు ముందు అదెంత? మంచాన పడ్డ నెలలకు అసలు లెక్కే లేదు.

మా పని అయిపోయాక మేస్త్రీ పక్క వీధిలో ఇంకో ఇల్లు ఒప్పుకున్నాడు. ఓ రోజు అటు వెళ్తుంటే ఆ ఇంటి గోడ మీద సుద్దగీతలు కనిపించాయి. లెక్కపెట్టాను. పదిహేడు! ''ఈ సారు అడిగిండా?'' అన్నాను. ''అడగలే. నేనే చెప్పిన. జాగ ఇస్తెనే చేస్త అన్న'' అన్నాడు.

ఈ ఆదివారం మీకు తీరిక దొరికితే ఒక చిన్న పని చేయండి. టేపు తీసుకుని మీ ఇంటి బయటి మెట్లు కొలవండి. ముఖ్యంగా అన్నిటికన్నా కిందిది, అన్నిటికన్నా పైది. తేడా ఉంటే మెట్లన్నీ పడగొట్టక్కర్లేదు. కింది మెట్టు ఎత్తయితే వాకిలి లేపించండి. తక్కువైతే వాకిలి కాస్త దించండి. పైది ఎత్తయితే మెట్ల మీద రాయి పరిపించి సరిచేయించండి. అది కుదిరేదాకా ఆ మెట్టు అంచుకు పసుపు రంగు వేసి, గోడకు ఒక గొట్టమైనా బిగించండి. పండక్కి పెద్దవాళ్లు వచ్చేలోపే!