పిల్లలు లేని ఊళ్ళో భోగి

"ఈ చలికాలం మేము రావడం లేదమ్మా" అని మా అమ్మాయికి చెప్పడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. రోజూ సాయంత్రం మా వారు "చెప్పావా?" అని అడగడం, నేను "ఇవాళ దానికి మీటింగులున్నాయట, రేపు చెప్తాను" అనడం. చివరికి ఒక ఆదివారం పొద్దున్న చెప్పేశాను. అవతల నుంచి కాసేపు మాట లేదు. తర్వాత "సరే అమ్మా" అంది. మీకూ ఆడపిల్లలుంటే ఆ "సరే" ఎలాంటిదో నేను వేరే చెప్పక్కర్లేదు.

మేముండేది మిన్నెసోటాలో, మా అమ్మాయి న్యూజెర్సీలో. మనవడు పుట్టినప్పటి నుంచి ఏటా డిసెంబరులో వెళ్ళి మార్చిదాకా అక్కడే ఉండేవాళ్ళం. వాడికి అన్నం తినిపించడం, నిద్రపుచ్చడం నా వంతు. కిందటేడు ఫిబ్రవరిలో వాళ్ళ వాకిట్లో మంచు గడ్డకట్టి ఉండగా చెత్తడబ్బా లాక్కెళ్తూ మా వారు జారిపడ్డారు. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆయనకి చొక్కా గుండీలు నేనే పెట్టాల్సొచ్చింది. అప్పుడే తేల్చేశారు, "ఇంక చలికాలం మంచులో ఉండేది లేదు" అని. ఆయనతో పనిచేసి రిటైరైన ఒకాయన ఏటా అరిజోనాలోని మేసా వెళ్తారట. ఆయన మాట మీద అక్కడ ఒక ఆర్వీ పార్కులో జనవరి నుంచి మార్చి చివరిదాకా చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మూడు రోజులు కారులో ప్రయాణం. వెనక సీట్లో కుక్కరు, మిక్సీ, ఆవకాయ సీసా.

ఆర్వీ అంటే మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ ఉన్న బస్సులాంటి బండి. కొందరు దాన్ని నడుపుకుంటూ వచ్చి ఇక్కడ స్థలం అద్దెకు తీసుకుని నీళ్ళ గొట్టం, కరెంటు తగిలించుకుంటారు. మాది పార్క్ మోడల్. చక్రాల మీద వచ్చి, ఇక కదలకుండా కూర్చుండిపోయిన ఇల్లన్నమాట. 400 చదరపు అడుగులు దాటకూడదని లెక్క. దాని పక్కన వేసుకున్న వసారా గదిని అరిజోనా రూమ్ అంటారు. మొదటిరోజు అందులో నిలబడితే పెళ్ళైన కొత్తలో హైదరాబాదులో మేమున్న రెండు గదుల వాటా గుర్తొచ్చింది. అప్పుడూ అంతే, ఒకరు వంటింట్లోంచి బయటికి వస్తే గానీ ఇంకొకరు లోపలికి వెళ్ళడానికి లేదు.

బయట మాత్రం ఎంత హాయో! మిన్నెసోటాలో ముక్కు బయట పెట్టలేని జనవరి నెలలో ఇక్కడ మధ్యాహ్నం ఇరవై డిగ్రీల ఎండ. వాకిట్లో మట్టికి బదులు కంకర, దాని మధ్యలో బత్తాయంత కాయలు కాసిన నారింజచెట్టు. తూర్పున సూపర్‌స్టిషన్ కొండలు. మూఢనమ్మకమని కొండకి పేరు పెట్టుకున్నవాళ్ళని ఇక్కడే చూశాను. సాయంత్రం అవి ఎర్రబడుతుంటే జనం గోల్ఫ్ కార్టులు ఆపుకుని చూస్తారు. ఇలా చలికాలానికి దిగొచ్చేవాళ్ళని స్నోబర్డ్స్ అంటారు. పొద్దున్న పికిల్‌బాల్, మధ్యాహ్నం రాళ్ళు అరగదీసి నగలు చేసే క్లాసు, రాత్రి లైన్ డ్యాన్సు. డెబ్భై ఎనిమిదేళ్ళాయన కొలనులో ఈదుతుంటే మా వారు పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడేవారు. ఒక్కటే చిక్కు. ఇక్కడి నీళ్ళు మహా కఠినం. కందిపప్పు ఎన్ని కూతలొచ్చినా బద్ద బద్దగానే ఉండేది. ఫిల్టరు నీళ్ళు కొని వండాల్సొచ్చింది.

వారం రోజులకి గానీ నాకు తెలియలేదు, ఏం తక్కువైందో. పిల్లల గొంతు. ఒక్క ఏడుపు లేదు, ఒక్క సైకిలు గంట లేదు. సైకిలు గంటలు ఉన్నాయిలెండి, తొక్కేవాళ్ళకి డెబ్భై ఏళ్ళు. ఇది యాభై అయిదు దాటినవాళ్ళ పార్కు. 1995లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటిచోట నూటికి ఎనభై ఇళ్ళల్లో అయినా యాభై అయిదు నిండినవాళ్ళు ఒకరుండాలి. మిగతాది పార్కు వాళ్ళ ఇష్టం. మా పార్కులో మనవలు చుట్టపుచూపుగా రెండు వారాలు ఉండొచ్చు, కొలనులోకి పదకొండు నుంచి ఒంటిగంట వరకే దిగాలి. ఆ కాగితం చదివి వినిపిస్తే మా అమ్మాయి ఫోన్లో "అమ్మమ్మ ఊరికి రావాలంటే వీసా కావాలన్నమాట" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

అంతలో భోగి వచ్చింది. మా ఇళ్ళల్లో పిల్లలకి అయిదేళ్ళు నిండేవరకూ భోగిపళ్ళు పోస్తాం. పుట్టినప్పటి నుంచీ వాడికి ఏటా నేనే పోశాను. రేగిపళ్ళు దొరక్కపోతే క్రాన్‌బెర్రీలు, వాటిలో నానబెట్టిన శనగలు, చిల్లర డబ్బులు, పూలరేకులు కలిపి, గుప్పిట పట్టి మూడుసార్లు తిప్పి తలమీద పోస్తే వాడు డబ్బులు ఏరుకునేవాడు. ఈసారి మాకు సాయంత్రం నాలుగు, వాళ్ళకి ఆరు. మా అమ్మాయి ఆఫీసు పని ముగించుకుని గబగబా అన్నీ కలిపి, ఫోను పంచదార డబ్బాకి ఆనించింది. "అమ్మా, ముందు కుడివైపా?" అని అడుగుతోంది. నేను చెప్పేలోపు ఫోను జారిపోయింది. తర్వాత నాకు కనిపించింది వాళ్ళింటి సీలింగు. పళ్ళు రాలిన చప్పుడు విన్నాను. వాడు "అమ్మమ్మ ఏదీ?" అంటున్నాడు. ఎవరో ఫోను నిలబెట్టేసరికి అంతా అయిపోయింది.

మర్నాడు సంక్రాంతికి కారు నిలిపే సిమెంటు మీద బియ్యప్పిండితో ముగ్గు వేశాను. గోల్ఫ్ కార్టులు పక్కకి తప్పుకుని వెళ్ళాయి, ఒక్కరూ తొక్కలేదు. కాసేపటికి తలమీద తురాయి ఉన్న కౌజుపిట్టలు బారుగా వచ్చి సగం ముగ్గు తినేసి పోయాయి. పిండిముగ్గు వేసేదే చీమలకీ పిట్టలకీ కదా అనుకుని ఊరుకున్నాను.

అది చూడటానికే పక్కింటావిడ వచ్చింది. కెనడాలో సస్కాచెవాన్ వాళ్ళు, గోధుమ రైతులు. ఇద్దరూ కలిసి పందొమ్మిదేళ్ళుగా వచ్చేవారట. రెండేళ్ళ కిందట ఆయన పోయాడు. ఆవిడ ఒక్కర్తే వస్తోంది. కెనడా వాళ్ళు ఆరు నెలలకి మించి ఇక్కడ ఉండకూడదు, అందుకని గోడ కేలండరులో రోజులు కొట్టేసుకుంటుంది. అరిసె తింటూ నా మొహం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. "మా పిల్లలూ మొదటి ఏడాది ఇలాగే అలిగారు. రెండో ఏడాది అలవాటుపడ్డారు. మూడో ఏడాది నేను రానంటే, ఏం, వెళ్ళవా అన్నారు. అదీ బాగాలేదు" అంది. ఓదార్పో కాదో తెలియలేదు నాకు. అరిసెలు మాత్రం ఇంకో రెండు పట్టుకెళ్ళింది.

ఫిబ్రవరిలో మా అమ్మాయి వాణ్ణి తీసుకుని వారం రోజులకి వచ్చింది. వాడు గోల్ఫ్ కార్టు ఎక్కాడు, కొలనులో దిగాడు, అడిగినవాళ్ళందరికీ తన వయసు చెప్పాడు. రెండో రోజు సాయంత్రం నా ఒళ్ళో కూర్చుని అడిగాడు, "ఇక్కడ అందరూ అమ్మమ్మలేనా? మరి వీళ్ళ పిల్లలేరీ?" అని. ఏం చెప్పను? వాళ్ళిళ్ళల్లో ఉన్నారు నాన్నా అన్నాను.

ఆ రాత్రి వాడు పడుకున్నాక అరిజోనా రూమ్‌లో కూర్చుని నారింజలు వొలుస్తున్నాం. నేనే ఎత్తాను మాట. "నీకు ఇబ్బందైంది కదూ ఈ ఏడు. డేకేరుకి ఎంతవుతోంది?"

"డబ్బు సంగతి కాదమ్మా."

"మరి కోపమా?"

"కోపం కూడా కాదు" అని తొనల మీద పీచు తీస్తూ కూర్చుంది. కాసేపాగి, "నువ్వు రానన్నావంటే, రాలేవని అనుకున్నాను. నాకు చెప్పకుండా ఏదో దాస్తున్నారు మీరిద్దరూ అనుకున్నాను. నాన్నకి చెయ్యేనా, ఇంకేమైనా ఉందా అని రోజూ అడగబోయి మానేసేదాన్ని" అంది.

నేను రెండు నెలలుగా దాని "సరే"కి నాకు తోచిన అర్థాలన్నీ చెప్పుకున్నాను. ఇదొక్కటీ తోచలేదు. ముప్ఫై అయిదేళ్ళు వచ్చిన పిల్ల, మా గురించి అలా బెంగపెట్టుకుని ఉంటే నేనేమో అది అలిగిందని నేనూ ఎదురు అలిగి కూర్చున్నాను.

"ఆయనకి మణికట్టు తప్ప ఏమీ లేదే. రేపు పొద్దున్న వెళ్ళి పికిల్‌బాల్ చూడు, నీకే తెలుస్తుంది" అన్నాను. చూసింది. వీడియో తీసి వాళ్ళాయనకి పంపింది. మా వారు ఆ రోజు రెండు ఆటలూ ఓడిపోయారు, అది వేరే సంగతి.

మార్చి చివర సామాన్లు సర్దుతుంటే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వచ్చే ఏడు ఇదే ఇల్లు కావాలంటే ఇప్పుడే బయానా కట్టాలి. మా వారు జనవరి రెండు అని రాసేశారు. నేను పెన్ను తీసుకుని రెండు కొట్టేసి ఇరవై చేశాను. మనవడికి మొన్ననే నాలుగు నిండాయి. వచ్చే భోగి వాడికి ఆఖరి భోగిపళ్ళు.

"న్యూజెర్సీలో మంచుంటుంది" అన్నారాయన.

"మీరు చెత్తడబ్బా ముట్టుకోకండి" అన్నాను.

కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్తే అక్కడి అమ్మాయి చూసి, అందరూ నెల మొదట్లో వస్తారు, మీరు ఇరవై ఎందుకు పెట్టారు, అద్దె నెల మొత్తానికీ పడుతుందే అంది. భోగిపళ్ళ గురించి చెప్పడం మొదలుపెట్టాను. క్రాన్‌బెర్రీలు తలమీద పోయడం దాకా వచ్చేసరికి ఆ పిల్ల కళ్ళు పెద్దవైపోయాయి. వెనక వరుసలో ముగ్గురు నిలబడి ఉన్నారు. ఇంట్లో ఫంక్షను ఉందని చెప్పి డబ్బు కట్టేసి వచ్చాను.