రెండు నిమిషాల విమాన ప్రయాణం

పిల్లలూ, విమానం నేల విడవగానే ఒకటి, రెండు అని సెకండ్లు లెక్కపెట్టండి. నూటయిరవై అయ్యేలోగా దిగవలసిన ఊరు వచ్చేస్తే ఎలా ఉంటుంది? స్కాట్లండుకు ఉత్తరాన ఆర్క్నీ దీవులలో అటువంటి ప్రయాణం ఉన్నది. వెస్ట్రే దీవి నుంచి పాపా వెస్ట్రే దీవికి విమానాశ్రయాల మధ్య దూరం 2.7 కిలోమీటర్లే! 1967 నుంచి అక్కడ చిన్న విమానం తిరుగుతున్నది. గాలి అనుకూలించి ఒకసారి అది 53 సెకండ్లలోనే చేరింది.

ఇంత దగ్గరకు విమానమెందుకంటారా? నడుమ సముద్రం, వంతెన లేదు. పాపా వెస్ట్రేలో నూరుమంది కూడా లేరు. అయినా వారికి వైద్యుడు రావాలి, బడికి పంతులుగారు రావాలి. ఏరు పొంగినప్పుడు అవతలి ఊరు కళ్ళెదుటే ఉన్నా మనం వెళ్ళలేము కదా! వారికి ఆ ఏరు ఏడాది పొడుగునా ఉంటుందన్నమాట.