తాటాకిల్లూ, ఆకాశహర్మ్యమూ

పిల్లలూ! ఆకాశహర్మ్యాల బొమ్మలు మీరందరూ చూసే ఉంటారు. అంత ఎత్తు మేడ కూలకుండా ఎలా నిలుస్తున్నది? దాని నడుమ కూర్చున్నవాళ్లకు గాలి ఎలా ఆడుతున్నది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకటానికి మొదటే అమెరికా పోనక్కరలేదు. ముందు ఉండికి రండి.

ఉండి పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరానికీ ఆకివీడుకూ మధ్య ఉన్నది. చుట్టూ వరిచేలు, కాలవలు, చేపల చెరువులు. ఆకివీడు దాటి ఇంకా పోతే కొల్లేటి లంకలు వస్తాయి. ఈ ప్రాంతంలో వెనకటి కాలపు ఇళ్లలో రెండు రకాలు మనం చూడదగినవి. ఒకటి తాటాకిల్లు, రెండోది మండువా లోగిలి.

తాటాకిల్లు ఎలా కడతారు? నేలలో గుంజలు పాతి, నడుమ నిట్రాళ్లు నిలిపి, పైన దూలమూ వాసాలూ వేసి ఆకు కప్పుతారు. చుట్టూ తడికలు కడతారు. ఇప్పుడు చెప్పండి, కప్పు బరువు మోస్తున్నది ఎవరు? తడిక మాత్రం కాదు. తడికను ఊడదీసినా ఇల్లు పడదు. బరువంతా నిట్రాళ్లదీ గుంజలదీ. ఎండా వానా లోపలికి రాకుండా కాయటమే తడిక పని.

ఇటుక గోడల మేడ సంగతి వేరు. అక్కడ పై అంతస్తులన్నిటినీ గోడే మోయాలి. ఎత్తు పెరిగినకొద్దీ అడుగు గోడ లావెక్కాలి. అమెరికాలోని షికాగో నగరంలో 1891లో పూర్తయిన మొనాడ్నాక్ మేడకు 16 అంతస్తులు. దాని ఇటుక గోడ అడుగున 6 అడుగుల మందం! ఇంకా పైకి కడుతూ పోతే కింద గదులకు చోటెక్కడిది?

అదే ఊళ్లో 1885లోనే విలియం జెన్నీ అనే ఇంజనీరు హోమ్ ఇన్సూరెన్స్ కంపెనీకి 10 అంతస్తుల మేడ కట్టాడు. దాని బరువులో ఎక్కువ పాలు ఇనుప, ఉక్కు స్తంభాలూ దూలాలూ మోశాయి. తరువాతి మేడలలో గోడ మీద ఏ బరువూ పెట్టక, దానిని వట్టి తడికలాగే తగిలించారు. చూశారా, మన తాటాకింటి ఉపాయమే! ఇక అంత ఎత్తు ఎక్కటం ఎలాగ? తాడు తెగినా పడిపోని లిఫ్టును ఎలీషా ఓటిస్ అనే ఆయన తయారు చేసి, 1854లోనే న్యూయార్కులో జనం చూస్తుండగా తాడు కోయించి మరీ చూపించాడు.

మన వైపు ఇటువంటి మేడ చూడాలంటే రైలెక్కి బెజవాడ మీదుగా చెన్నపట్నం పోదాం. అక్కడ మౌంటు రోడ్డు మీద ఎల్.ఐ.సి. భవనం ఉన్నది. ఆ రోడ్డుకు ఇప్పటి పేరు అన్నా సాలై. యునైటెడ్ ఇండియా అనే జీవిత బీమా కంపెనీ 1953లో ఆ మేడ పని మొదలుపెట్టింది. 1956లో జీవిత బీమా ప్రభుత్వపరం కావటంతో మేడ ఎల్.ఐ.సి. చేతికి వచ్చింది. 1959లో తెరిచినప్పుడు 177 అడుగుల ఎత్తుతో దేశంలోకెల్లా ఎత్తయిన మేడగా పేరు పొందింది. అంత ఎత్తునూ మోసేది కాంక్రీటు స్తంభాలు.

బరువు సంగతి తేలింది. ఇక గాలి సంగతి.

ఇల్లు పెద్దదైతే నడిమి గదులకు వెలుతురూ గాలీ అందవు. అందుకే మండువా లోగిలి కట్టినవారు ఇంటి నడుమ ఆకాశానికి కొంత చోటు వదిలారు. నాలుగు వైపుల కప్పులూ ఆ చోటు వైపే వాలుతాయి. వేడెక్కిన గాలి తేలికై అటునుంచి పైకి పోతుంది. వీధి వాకిలి నుంచీ పెరటి నుంచీ కొత్త గాలి వస్తుంది.

పాత ఆకాశహర్మ్యాలకూ ఇదే చిక్కు వచ్చింది. కిటికీకి పాతిక ముప్పై అడుగుల అవతల కూర్చున్న గుమాస్తాకు వెలుతురు చాలదు, గాలి ఆడదు. అందువల్ల ఆ మేడల నడుమ కూడా బావిలాగా ఖాళీ వదిలేవారు.

ఈ చిక్కు విప్పిన యంత్రం మనుషుల సుఖం కోసం పుట్టింది కాదు. 1902లో న్యూయార్కులోని ఒక అచ్చాఫీసులో గాలిలోని తేమకు కాగితం సాగిపోయి, ఒక రంగు మీద ఇంకొక రంగు సరిగా పడేది కాదు. వానాకాలంలో అప్పడం మెత్తబడదూ, అలాగన్నమాట. విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు ఆ గాలిని చల్లని గొట్టాల మీదుగా పోనిచ్చాడు. చన్నీళ్ల చెంబు మీద బొట్లు పట్టినట్టు, తేమ గొట్టాలకు పట్టి కారిపోయింది. గాలి పొడిబారింది, చల్లబడింది కూడా.

1928లో టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో ఊళ్లో 21 అంతస్తుల మైలమ్ భవనమంతా ఇలా చల్లబరిచారు. 1938లో ట్యూబులైట్లు అమ్మకానికి వచ్చాయి. ఇక నడుమ ఖాళీ ఎందుకు? కిటికీ తెరవటం మాత్రం ఎందుకు? 1952లో న్యూయార్కులో కట్టిన లీవర్ హౌస్ అద్దాలు అసలు తెరుచుకోవు. వాటిని తుడవటానికి మనుషులను తొట్టిలో కూర్చోబెట్టి పైకప్పు నుంచి దించవలసి వచ్చింది!

అప్పుడే ఒక వాదం కూడా నడిచింది. న్యూయార్కులో ఐక్యరాజ్య సమితికి 39 అంతస్తుల మేడ తలపెట్టారు. దాని తూర్పు, పడమటి ముఖాలు నిండా అద్దాలే. ఎండ నేరుగా తగలకుండా పలకలు అడ్డం పెట్టాలని లె కార్బూజియే అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి పట్టుపట్టాడు. ఆయన మాట నెగ్గలేదు. ఎండ సంగతి యంత్రాలకు అప్పగించారు. ఆయనే 1950లలో మన చండీగఢ్ సచివాలయం కట్టి, ముఖం పొడుగునా ఎండకు అడ్డంగా కాంక్రీటు పలకలు పెట్టించాడు.

ఇందులో మనకు పనికివచ్చే మాట ఉన్నది. ఉక్కు స్తంభం ఒకసారి నిలిపితే మళ్లీ కూలి అడగదు. చల్లబరచే యంత్రం అలా కాదు, పనిచేసినంతసేపూ కరెంటు అడుగుతుంది. కరెంటు పోతే, తెరుచుకోని అద్దాల మేడ మూతపెట్టిన కుండే. వేసవి ఎండా, కొల్లేటి గాలి తేమా కలిసిన మన వైపు అది చిన్న సంగతి కాదు. ఎండలు ముదిరిన రోజుల్లో ముసలివాళ్లకూ పసిపిల్లలకూ అది ప్రాణం మీది సంగతి. యంత్రం వద్దని కాదు. ఇల్లు కట్టే పెద్దలు ఎదురెదురు కిటికీలూ, పడమట నీడా మరిచిపోకుండా ఉంటే యంత్రానికి పని తగ్గుతుంది.

పిల్లలూ, మీరు ఒక పని చేయండి. ఈసారి ఏ.సి. ఉన్న కొట్టు ముందు నుంచి పోతున్నప్పుడు, బయట పెట్టిన పెట్టెకు నాలుగడుగుల దూరాన నిలబడి చెయ్యి చాపండి. వేడిగాలి కొడుతుంది. లోపలి వేడి మాయం కాలేదు; వీధిలోకి వచ్చిందంతే. ఆ వీధిలో నడిచేది కూడా మనమే కదా!